పాత కంప్యూటర్‌లో ఏ క్యాడ్ వెయ్యాలి? జవాబు 1982లోనే ఉంది!

"అన్నా, ఇంట్లో పాత సిస్టమ్ ఉంది. డ్రాఫ్టింగ్ నేర్చుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోను?" డిప్లొమా, బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కొత్త ల్యాప్‌టాప్ కొనమని చెప్పడం ఈజీ. కానీ అందరి ఇళ్లలో కుదరదు కదా. అందుకే ఈ రోజు కాస్త చరిత్ర చూద్దాం.

1980ల మొదట్లో కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీయడం పెద్ద కంపెనీల వల్లే అయ్యేది. సిస్టమ్ ఖరీదు అలా ఉండేది మరి. 1982లో అమెరికాలో జాన్ వాకర్, ఇంకొంతమంది ప్రోగ్రామర్లు కలిసి ఆటోడెస్క్ పెట్టారు. మైక్ రిడిల్ అప్పటికే రాసిన ఇంటరాక్ట్ అనే ప్రోగ్రామ్ ఆధారంగా ఆటోక్యాడ్ తయారైంది. ఆ నవంబర్‌లోనే లాస్ వేగాస్‌లో కామ్‌డెక్స్ ఎగ్జిబిషన్‌లో చూపించారు. అంటే ఆటోక్యాడ్ పుట్టిందే చిన్న మెషిన్ల కోసం!

తర్వాత కథ మారింది. గీత మన కంటికి గీతే, కంప్యూటర్‌కి మాత్రం దశాంశాల లెక్క. 1987లో వచ్చిన రిలీజ్ 9కి ఆ లెక్కలు చేసే కోప్రాసెసర్ చిప్ తప్పనిసరి. 1994లో రిలీజ్ 13 బరువుగా ఉందని చాలామంది రిలీజ్ 12 దగ్గరే ఆగిపోయారు. 1997లో రిలీజ్ 14 డాస్‌ని వదిలేసింది. 2019లో వచ్చిన ఆటోక్యాడ్ 2020 అయితే 64 బిట్ విండోస్ ఉంటేనే ఎక్కుతుంది. ప్రతిసారీ నిక్షేపంలా పనిచేస్తున్న మెషిన్లే పాతవైపోయాయి.

మరి వాటిలో గీసిన డ్రాయింగ్‌ల సంగతి? ఇక్కడే అసలు విషయం. ఆటోక్యాడ్ సొంత ఫైల్ డీడబ్ల్యూజీ. దాని లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. కానీ వేరే ప్రోగ్రామ్‌లతో ఇచ్చిపుచ్చుకోవడానికి 1982లోనే డీఎక్స్ఎఫ్ కూడా ఇచ్చింది. మామూలు డీఎక్స్ఎఫ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. లైన్ అని ఉంటుంది, కింద 10 అనే కోడ్ తర్వాత మొదటి పాయింట్ ఎక్స్ విలువ, 20 తర్వాత వై విలువ. అంతే! ఎవరైనా చదవొచ్చు కాబట్టి ఎవరైనా దానికి సాఫ్ట్‌వేర్ రాయొచ్చు. 1999లో ఆండ్రూ ముస్తున్ క్యూక్యాడ్ మొదలుపెట్టాడు. దాని ఉచిత వెర్షన్ నుంచి వచ్చిందే లిబ్రేక్యాడ్.

కాబట్టి నా మాట ఇది. ప్లాన్లు, 2డీ డ్రాయింగ్‌లు అయితే లిబ్రేక్యాడ్ వేసుకోండి. ఫ్రీ, తేలిక. డీఎక్స్ఎఫ్‌లోనే సేవ్ చేయండి, కాలేజీ ల్యాబ్‌లో ఆటోక్యాడ్‌లో తెరుచుకుంటుంది. డీడబ్ల్యూజీని మాత్రం దాని మీద నమ్ముకోవద్దు. 3డీకి ఫ్రీక్యాడ్ ఉంది, కానీ పాత గ్రాఫిక్స్ మీద నత్తనడకే. క్రాక్ వెర్షన్ల జోలికి అసలు పోవద్దు, వాటితో పాటు వైరస్ కూడా దిగొచ్చు.

లేయర్, ట్రిమ్, ఆఫ్‌సెట్, డైమెన్షన్... ఇవి ఒకచోట చేతికొస్తే ఎక్కడైనా పనికొస్తాయి. సిస్టమ్ పాతదని నేర్చుకోవడం ఆపకండి. మళ్లీ కలుద్దాం!