గేటు రిజిస్టరు దాటని లెక్క

1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకట రమణయ్య ఆ ఉద్యమాన్ని ఊరూరా పాకించారు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కాలువల వెంట పల్లెలకు పంపారు. ఊరికి పుస్తకం చేరడమే గెలుపైన రోజులవి. ఎన్ని పుస్తకాలున్నాయి, ఎందరు తీసుకెళ్లారు అని లెక్కపెట్టడం అప్పటికి సబబే. కాలం మారినా ఆ లెక్క మారకపోవడమే మన చిక్కు. 1998లో మన మైలవరానికి ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది, తర్వాత ప్రతి విద్యార్థి చేతికీ ఫోను వచ్చింది. ఇప్పుడు కూడా గ్రంథాలయం అనగానే మనకు గుర్తొచ్చే లెక్క గుమ్మం దగ్గరి రిజిస్టరే: పేరు, రోల్ నంబరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, సంతకం. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కూడా గ్రంథాలయాన్ని రోజుకు ఎంతమంది వాడుతున్నారని అడుగుతూ వచ్చింది. లోపలికి వెళ్లినవాడు ఏం తేల్చుకుని వచ్చాడో ఆ గళ్లలో ఎక్కడా పట్టదు.

అలా తేల్చుకునే నేర్పే సమాచార అక్షరాస్యత. ఆ మాటను 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ వాడుకలోకి తెచ్చాడు. కావలసింది వెతికి, నిగ్గు తేల్చి, పనికి వాడుకోగలగడం దాని సారం. దాన్ని కొలవడానికి మన దగ్గర ఎక్కువగా జరిగేది ప్రశ్నావళి పంచడం. ‘మీకు వెతకడం ఎంత బాగా వచ్చు?’ అంటే పిల్లలు ‘బాగా వచ్చు’ దగ్గర టిక్కు పెడతారు. అది వాళ్ల ధీమాకు కొలత, నేర్పుకు కాదు. నేర్పు తెలియాలంటే, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట ఎప్పటిదని అడిగి చూడండి. ఒకచోట 1855 అని, మరోచోట 1957 అని దొరుకుతుంది. రెండూ నిజమే. మొదటిది పాత ఆనకట్ట, రెండోది ప్రకాశం బ్యారేజి. ఈ రెండు అంకెలూ ఎందుకు కలవలేదో ఆగి ఆలోచించి, ఆధారం చూపించగలిగినవాడిదే అసలు అక్షరాస్యత.

వేలమందికి ఇలాంటి పరీక్ష పెట్టి దిద్దేదెవరు, రిజిస్టరైతే సులువు కదా అనేవారున్నారు. దిద్దడం కష్టమన్నది నిజమే. కానీ అందరికీ పెట్టనక్కర్లేదు, తరగతికి కొందరిని తీసుకున్నా చాలు. ఫోనులో అన్నీ దొరుకుతున్నాయిగా అనేది ఇంకో మాట. దొరకడం ఎంత తేలికైతే, ఏది నమ్మాలో తేల్చడం అంత బరువవుతుంది. మైలవరం కళాశాలల అధ్యాపకులకు ఒక్క విన్నపం: చేరిన వారంలో ఒకసారి, చివరి ఏడాది మరోసారి ఇలాంటి ప్రశ్నే ఇచ్చి, రెండు జవాబు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.