నాటించినవారూ, నాటినవారూ

అశోకుడు బాటలకిరువైపులా చెట్లు నాటించెను అని చిన్నప్పుడు మనమందరం వల్లె వేసినవాళ్ళమే. పాఠంలో అబద్ధమేమీ లేదు. మర్రిచెట్లూ, మామిడితోపులూ వేయించానని ఆయనే శాసనంలో చెక్కించుకున్నాడు. కానీ ఆ 'నాటించెను'లో 'ఇంచు' మీద మీ దృష్టి ఎప్పుడైనా పడిందా? గొయ్యి తవ్విందెవరో, కడవతో నీళ్ళు మోసిందెవరో ఏ రాతి మీదా లేదు. మోసినవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళే అయి ఉంటారని నా అనుమానం!

ఇలాంటిదే ఇంకో తోట సంగతి చెబుతాను. అమెరికాలో సియాటిల్ ఉంది చూశారూ, మన తెలుగు పిల్లలు బోలెడుమంది ఉద్యోగాలు చేస్తున్న ఊరు, అక్కడి కార్కీక్ పార్కులో ఓ పాత ఆపిల్ తోట ఉంది. పేరు పైపర్ తోట. ఆండ్రూ పైపర్ అనే ఆయన జర్మనీ నుంచి వచ్చి, ఆ ఊళ్ళో బేకరీ పెట్టుకున్నాడు. 1889లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి బజారు బజారంతా తగలబడితే, బేకరీ కూడా బూడిదైపోయింది. పెళ్ళాం పిల్లలతో ఊరికి దూరంగా, సముద్రం దగ్గర్లోని ఓ లోయకి చేరాడు. అక్కడ కొండవాలున రకరకాల ఆపిల్ మొక్కలు పెట్టి, కొడుకు సాయంతో సాకింది మాత్రం ఆయన భార్య మిన్నా. తోటకి మిగిలింది అత్తింటివారి ఇంటిపేరే, అనుకోండి.

1920లలో ఆ చోటు పార్కయింది. తోట సంగతి అందరూ మరిచిపోయారు. ముళ్ళపొదలు కమ్మేశాయి. 1981లో డాఫ్నీ లూయిస్ అనే ఆవిడ పార్కు పని మీద వెళ్ళి చూస్తే, ఆ పొదల్లో ఆపిల్ చెట్లు! పోయిందనుకున్న నగ పాత ట్రంకుపెట్టెలో దొరికినట్టు.

తరవాత కథంతా జీతం బత్తెం లేని వాళ్ళది. కత్తులూ కత్తెరలూ పట్టుకొచ్చి పొదలు కొట్టారు, ఎండుకొమ్మలు తీశారు. ముప్ఫై దాకా పాత చెట్లు దక్కాయి. అక్కడివాళ్ళ ఓ ఉపాయం నాకు భలే నచ్చింది. కాయ చిన్నదిగా ఉన్నప్పుడే పురుగు పట్టకుండా, మందు కొట్టే పని లేకుండా, ఒక్కొక్క కాయకీ పల్చటి నైలాను మేజోడు తొడుగుతారు. చంటిపిల్లల కాళ్ళకి తొడిగినట్టే! చెట్టుకెన్ని కాయలో, అన్ని మేజోళ్ళు. ఓపిక ఉండాలి సుమండీ.

సరే, అందరి చెట్టు కాయ ఎవరికి చెందాలి? మన రోడ్డు పక్క చింతచెట్ల కాపుకి వేలం వేస్తారు, పాడుకున్నవాడిది కాయ. సియాటిల్‌లో 2008లో సిటీ ఫ్రూట్ అనే సంస్థ మొదలైంది. పార్కుల్లోనూ, ఇళ్ళ దొడ్లలోనూ రాలి కుళ్ళిపోయే పళ్ళని ఊళ్ళోవాళ్ళే నిచ్చెనలేసుకుని కోసి, గంపలకెత్తి, తిండికి ఇబ్బందిపడే కుటుంబాలకి సరుకులిచ్చే కేంద్రాలకి చేరవేయసాగారు.