గాలికి నిలిచిన గుడారము

గుడ్డతో కట్టిన ఇల్లు పెనుగాలికి ఎట్లు నిలుచును? సెలవు దినములలో కొండలకు, సముద్రతీరమునకు సకుటుంబముగా పోయి డేరా వేయువారికి ఇది ఒక రాత్రి చిక్కు మాత్రమే. మధ్య ఆసియా పచ్చికబయళ్లలో మందల వెంట తిరుగు కుటుంబములకు ఇది వందల ఏండ్లుగా జీవన్మరణ సమస్య. అక్కడ చాటునకు చెట్టు లేదు. వసంతకాలమున దుమ్ముగాలులు విజృంభించును. ముసలివారు, పసివారు, పొయ్యి, పెట్టెలు సమస్తమును ఒక్క డేరాలోనే యుండును.

మంగోలులు ఈ డేరాను ‘గెర్’ అందురు. 1253లో మంగోలు చక్రవర్తి కొలువునకు బయలుదేరిన విలియం రుబ్రుక్ అను క్రైస్తవ సన్యాసి, ఇట్టి డేరాలను విప్పకయే బండ్లమీద తరలించుట చూచి ఆశ్చర్యపడెను. ఒక బండి చక్రముల జాడల నడుమ 20 అడుగుల ఎడము కలదట. దానిని 22 ఎద్దులు లాగినవట. సామాన్య కుటుంబము మాత్రము డేరాను విప్పి మూటలు కట్టుకొనును.

గెర్ గోడ మన దడి వంటిదే, కాని మడుచుటకు వీలైనది. సన్నని కర్రలను ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా వేసి, కలిసిన చోట్ల తోలుముక్కలతో ముడివేయుదురు. నడినెత్తిన పొగ పోవుటకు ఒక కొయ్యచక్రము. దాని నుండి గోడ వరకు గొడుగు ఊచల వలె వాసములు. పైన ఉన్నిని తడిపి నొక్కి చేసిన దట్టమైన కంబళి. వాసముల బరువు గోడను బయటికి నెట్టును. గోడ చుట్టును బిగించిన పట్టెతాళ్లు దానిని లోపలికి అదుమును. బండిచక్రమునకు ఇనుపపట్టా చేయు పని ఇదే. ఈ రెండు బలముల పోటీలో డేరా బిర్రుగా నిలుచును, పునాది అక్కరలేదు. నెత్తి చక్రమునుండి ఒక తాడు లోపలికి వేలాడుచుండును. మామూలు దినములలో దానిని వాసములలో దోపి యుంచుదురు. గాలి రేగినపుడు మాత్రము దానికి బరువు కట్టుదురు, లేదా నేలలోని మేకునకు బిగింతురు.

గాలి ప్రక్కనుండి త్రోయును కదా, బరువు నడుమ వ్రేలాడదీయుట ఏల? కిటుకంతయు ఇక్కడనే యున్నది. గాలి పైకప్పు మీదుగా వడిగా పోవునపుడు అక్కడ పీడనము తగ్గి కప్పును పైకి పీల్చును. డేరాను పడద్రోయు గాలికన్న ఎగురగొట్టు గాలియే ప్రమాదకరము. పైగా గాలి ఒత్తిడి దాని వేగముతో కాక, వేగవర్గముతో పెరుగును. గంటకు 36 కిలోమీటర్ల గాలి తన కెదురైన చదరపు మీటరుపై సుమారు 6 కిలోల బరువుతో ఒత్తును. వేగము మూడింతలై 108 కిలోమీటర్లయినచో 55 కిలోలు! గుండ్రని ఆకారమునకు గాలి తట్టుకొనుటకు చదునైన మొగము ఉండదు. ఏ దిక్కున వీచినను ఒక్కటే. తుఫానులను ఎరిగిన మన కోస్తా పల్లెల చుట్టిండ్లు, నేలకు వంగిన వాటి తాటాకు కప్పులు చూచినవారికి ఇది వింత కాదు.

ఐరోపాలో ఈ విద్యకు పదును పెట్టినది పర్వతారోహకులు. ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరముపై కన్నువేసిన ఎడ్వర్డ్ వింపర్ అను ఆంగ్ల చిత్రకారుడు 1860 తరువాతి సంవత్సరములలో ఒక చిన్న గుడారము రూపొందించెను. నాలుగు గుంజలు, ముందు రెండు, వెనుక రెండు పైన కత్తెర వలె కలియును. వాటి మీదుగా పోవు తాటి రెండు కొనలను బండలకు కట్టుదురు. అన్నిటికన్న మేలైన ఏర్పాటు, నేలగుడ్డను గోడలతో కలిపి కుట్టుట. గాలి క్రిందనుండి దూరలేదు. పండుకొన్నవారి బరువే లంగరు.

ఆ క్రింది సందు ఎంత పని చేయగలదో అంటార్కిటికాలో తేలినది. స్కాట్ దళమునకు చెందిన విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అను మువ్వురు ఎంపరర్ పెంగ్విన్ గ్రుడ్లకై 1911 జూన్ 27న నడిచలికాలపు చీకటిలో కేప్ క్రోజియర్‌కు బయలుదేరిరి. దారిలో చలి సున్నకు దిగువ 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు దిగెను. గమ్యము చేరి రాళ్లతో గుడిసె కట్టి, కాన్వాసు కప్పు వేసి, ప్రక్కనే తమ గుడారము నిలిపిరి. అది వెదురు గుంజలపై కప్పిన కోణాకారపు గుడారము. నేలగుడ్డ దానికి కలిసి లేదు. అంచులపై బరువులు పెట్టుటలో వారు ఏమాత్రము లోపము చేయలేదు. అయినను జూలై 22న పెనుగాలి దానిని ఎగురగొట్టినది. మరునాడు గుడిసె కప్పు చీలికలై పోయెను. ఆ దినము విల్సన్ పుట్టినరోజు. నిద్రసంచులలో దూరి, పైన మంచు పేరుకొనుచుండగా, వారు భక్తిగీతములు పాడుకొనుచు పడియుండిరి. గుడారము లేక అంత చలిలో తిరుగు ప్రయాణము దాదాపు అసంభవమని మువ్వురకును తెలియును.

గాలి తగ్గిన పిదప వెదకగా గుడారము సుమారు అరమైలు దూరమున, వాలు అడుగున దొరకెను. ముడిచిన గొడుగు వలె గుంజలు దగ్గరకు చేరి యుండుటచే గుడ్డ చిరుగలేదు. గాలిలో తెరచుకొన్నచో పేలికలయ్యెడిది. ఎంత నేర్పు చూపినను చివరకు వారిని కాచినది ఈ యాదృచ్ఛికమే యనక తప్పదు. ఆ తరువాత ఒక రాత్రి బవర్స్ గుడారమునకు ఒక తాడు కట్టి, రెండవ కొన తన ఒంటికి చుట్టుకొని పండుకొనెను: అది పోయినచో తానును దానితోనే! ఆగస్టు 1న వారు మూడు గ్రుడ్లతో శిబిరము చేరిరి.

గుంజను బలిపించుట కన్న, ఆధారము లేని దాని పొడవును తగ్గించుట మేలని తరువాతివారు గ్రహించిరి. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోళాకార కట్టడమునకు 1954లో పేటెంటు లభించెను. త్రిభుజముల అల్లికయే దాని బలము. ఈ సూత్రముపై 1975లో అమెరికాలోని నార్త్ ఫేస్ సంస్థ, వంగు గుంజలు ఒకదాని నొకటి పలుచోట్ల దాటునట్లు గుడారము చేసి విక్రయించెను. అయితే నేటి కుటుంబపు డేరాలలో పెక్కు, లోపల నిలువుగా నడుచుటకై ఎత్తైన గోడలతో చేయబడుచున్నవి. అట్టి గోడ గాలికి తెరచాపయే. దాని గుంజలను నడిమి ఎత్తున పట్టి లాగుటకు తాళ్లు కావలెను. మేకును తల డేరాకు దూరముగా వాలునట్లు దిగగొట్టవలెను. ఇరుకు ప్రక్కను గాలికి ఎదురుగా త్రిప్పవలెను. డేరాతోపాటు వచ్చు ఆ తాళ్ల చుట్టను చాలమంది విప్పనే విప్పరు. అర్ధరాత్రి గాలి రేగినపుడు చీకటిలో దానికై తడుముకొందురు.