ఫిన్లాండ్‌లో బాల్య మధుమేహం, ఎంటరోవైరస్‌ల పరిశోధన

వైరస్ సోకడం వల్ల మధుమేహం వస్తుందా అన్న అనుమానం వైద్యులకు వందేళ్ల కిందటి నుంచే ఉంది. పుట్టిన బిడ్డల నుంచి మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఓపికగా దాని జాడ తీసిన ప్రాంతాల్లో మొదట చెప్పుకోవలసింది ఫిన్లాండ్. మన ఇళ్లలో షుగర్ అనగానే గుర్తొచ్చే టైప్‌ 2 వేరు. ఇక్కడ చెప్పుకుంటున్నది టైప్‌ 1. శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేస్తుంది, చాలామందిలో చిన్నతనంలోనే బయటపడుతుంది. ప్రపంచంలో ఈ వ్యాధి అత్యధికంగా నమోదవుతున్న దేశం ఫిన్లాండ్. అక్కడ 15 ఏళ్లలోపు పిల్లల్లో 1980లో ఏటా లక్షకు సుమారు 31 మందికి కొత్తగా వచ్చేది. 2005 నాటికి ఆ సంఖ్య 64కి చేరింది. పాతికేళ్లలో ఒక జనాభా జన్యువులు మారిపోవు కాబట్టి, ఈ రెట్టింపుకు కారణం పిల్లలు పెరిగే పరిసరాల్లోనే ఉండాలి. ఆవుపాలు, విటమిన్ డి లోపం వంటివి కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి. అయితే ఎక్కువ సాక్ష్యం పోగుపడింది పేగుల్లో పెరిగే ఎంటరోవైరస్‌ల మీద, ముఖ్యంగా కాక్సాకీ బి రకాల మీద.

అంతకుముందు దొరికిన ఆధారాలు బలమైనవే అయినా, విడివిడిగా ఉండిపోయాయి. తల్లి గర్భంలో ఉండగా రుబెల్లా సోకిన పిల్లలు పెద్దయ్యాక వారిలో మధుమేహం అసాధారణంగా ఎక్కువని 1971లో సిడ్నీ వైద్యులు చూపించారు. 1979లో అమెరికాలో, మధుమేహం బయటపడ్డ కొద్ది రోజులకే మరణించిన పదేళ్ల బాలుడి క్లోమం నుంచి కాక్సాకీ బి4 వైరస్‌ను వేరుచేసి ఎలుకలకు ఎక్కిస్తే, వాటి రక్తంలోనూ చక్కెర పెరిగింది. కానీ ఫిన్లాండ్‌లో 1982లో మొదలైన టీకాలతో రుబెల్లా, గవదబిళ్లలు దాదాపు కనుమరుగైనా మధుమేహం పెరుగుతూనే పోయింది. అంటే అసలు కారకం మరొకటి కావాలి. పాత అధ్యయనాల్లో ఇంకో లోపం కూడా ఉంది. అవి చాలావరకు జబ్బు బయటపడ్డ రోజున రోగి రక్తాన్ని పరీక్షించాయి. టైప్‌ 1 మాత్రం లక్షణాలు కనిపించడానికి నెలలు, ఏళ్ల ముందే లోలోపల మొదలైపోతుంది.

1994లో ఫిన్లాండ్‌లోని తుర్కులో మొదలై ఔలు, తాంపెరె నగరాలకు విస్తరించిన డిప్ అధ్యయనం విలువ ఇక్కడే తెలుస్తుంది. బొడ్డుతాడు రక్తంలో జన్యుపరమైన ముప్పు కనిపించిన పిల్లలను ఎంచుకుని, క్రమం తప్పకుండా వారి రక్తం, మలం నమూనాలు సేకరించి భద్రపరిచారు. బీటా కణాల మీద దాడి మొదలైందని చెప్పే ఆటోయాంటీబాడీలు వచ్చినవారిలో చాలామందికి అవి రెండో ఏడు నిండకముందే కనిపించాయి. ఆటోయాంటీబాడీలు వచ్చిన 129 మంది పిల్లలను, రాని 282 మందిని పోల్చి, నాలుగు వేలకు పైగా మలం నమూనాలను పరీక్షించినప్పుడు మొదటి గుంపులో ఎంటరోవైరస్ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా తేలాయి. ఆ తేడా ఆటోయాంటీబాడీలు పుట్టడానికి ఏడాదికి పైగా ముందు కాలంలోనే స్పష్టంగా ఉంది. రోగం ముదిరి పిల్లవాడు నీరసించాక వైరస్ సోకిందనే వాదనకు ఈ కాలక్రమం గట్టి సమాధానమే. రకాల వారీగా చూస్తే కాక్సాకీ బి1 ముప్పు పెంచేదిగా, బి3, బి6 కొంత రక్షణ ఇచ్చేవిగా కనిపించాయి.

అసలు గట్టి అభ్యంతరం సరిహద్దు అవతలి నుంచి వస్తుంది. రష్యాలోని కరేలియాలో టైప్‌ 1 ఫిన్లాండ్‌లో కంటే ఆరు రెట్లు తక్కువ. ముప్పు తెచ్చే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానం. ఎంటరోవైరస్ యాంటీబాడీలు మాత్రం కరేలియా పిల్లల్లోనే ఎక్కువ. వైరసే కారణమైతే జబ్బు అక్కడే ఎక్కువ ఉండాలి కదా? ఈ లెక్క పైకి ఎంత విరుద్ధంగా కనిపించినా, వైరస్ వాదాన్ని కూల్చదు. పోలియో చరిత్రలోనూ ఇదే జరిగింది. మురుగు, నీటి ఏర్పాట్లు బాగుపడ్డ దేశాల్లోనే ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో పక్షవాతపు పోలియో విజృంభించింది. వైరస్ అంతటా తిరుగాడే చోట తల్లికి యాంటీబాడీలు ఉంటాయి, పసికందుకు ఆ రక్షణ ఉండగానే తొలి ఇన్ఫెక్షన్ వచ్చిపోతుంది. వైరస్ అరుదైన చోట ఆ కవచం లేకుండానే బిడ్డ దానికి చిక్కుతుంది. డిప్ ఫలితాల్లోనూ తల్లి నుంచి వచ్చిన బి1 యాంటీబాడీలు ఉన్న పిల్లల్లో ఈ వైరస్ తెచ్చే ముప్పు తగ్గింది. కాబట్టి ఎన్నిసార్లు సోకిందన్న లెక్క కంటే, తొలిసారి ఏ వయసులో, ఏ రక్షణతో సోకిందన్నదే ముఖ్యం. పరిశుభ్రతే మధుమేహం తెచ్చిందని దీన్ని వక్రీకరించి చదివేవారూ లేకపోలేదు; పరిశోధన చెబుతున్నది అది కాదు.

ఎంటరోవైరస్ సోకిన పిల్లల్లో అత్యధికులకు ఏ మధుమేహమూ రాదన్నది మరో అభ్యంతరం. నిజమే, జన్యువులు తలుపు తీసి ఉంచినచోటే వైరస్ పని జరుగుతుంది. అయినా ఇది యాదృచ్ఛిక సంబంధం కాదనడానికి క్లోమంలోనే ఆధారం కావాలి. నార్వేలో కొత్తగా జబ్బు బయటపడ్డ ఆరుగురు పెద్దల నుంచి క్లోమపు చిన్న ముక్క తీసి చూస్తే, ఆరుగురి ఐలెట్లలోనూ (బీటా కణాలుండే గుంపుల్లోనూ) ఎంటరోవైరస్ ప్రొటీన్ కనిపించింది. శస్త్రచికిత్స చిక్కుల వల్ల ఆ అధ్యయనం అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత నార్వే, డెన్మార్క్‌లలో 96 మంది పిల్లలకు జబ్బు తేలిన మూడు వారాల్లోపు వైరస్‌ను అణచే ప్లెకొనారిల్, రిబావిరిన్ మందులను కలిపి, లేదా ఉత్తుత్తి మందును ఆరు నెలలు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే అసలు మందులు తీసుకున్నవారిలో సొంత ఇన్సులిన్ ఉత్పత్తి కొంత ఎక్కువగా నిలిచింది. 2023లో వెలువడిన ఈ ఫలితం చిన్నదే అయినా, వైరస్‌ను అణచితే జబ్బు గమనం మారుతుందని సూచించిన ప్రయోగం ఇది.

కోవిడ్ వచ్చాక ఇదే ప్రశ్న కొత్త వైరస్ విషయంలో లేచింది. స్కాట్లాండ్‌లో 35 ఏళ్లలోపు వారి రికార్డులు పరిశీలిస్తే, ఇన్ఫెక్షన్ తేలిన తొలి నెలలోనే టైప్‌ 1 నిర్ధారణలు ఎక్కువ, ఆ తర్వాత పెరుగుదల లేదు. కొన్ని వారాల్లో బీటా కణాల నాశనం పూర్తవడం అరుదు కాబట్టి, అప్పటికే ఉన్న జబ్బు ఆసుపత్రి పరీక్షల్లో బయటపడిందనుకోవడమే సమంజసం.

ఫిన్లాండ్ పరిశోధన ఇప్పుడు టీకా వైపు సాగుతోంది. కాక్సాకీ బి1 నుంచి బి5 దాకా అయిదు రకాలపై తయారైన టీకాను అక్కడ 32 మంది ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇచ్చి చూశారు. సురక్షితంగానే ఉంది, యాంటీబాడీలూ పుట్టాయి. మధుమేహాన్ని ఆపుతుందో లేదో తేలాలంటే ముప్పున్న పసిబిడ్డలకు తొలి నెలల్లోనే వేసి, ఆటోయాంటీబాడీల కోసం ఏళ్లపాటు కనిపెట్టి చూడాలి.