రైల్వే విద్యుత్ వ్యవస్థలో ట్రాన్సియెంట్ల అనుకరణ

విద్యుదీకరించిన రైలుమార్గంలో స్విచ్చి వేసినప్పుడు, పిడుగు పడినప్పుడు లేదా షార్టు సర్క్యూటు ఏర్పడినప్పుడు వోల్టేజి, విద్యుత్ ప్రవాహం అతి స్వల్పకాలం పాటు సాధారణ స్థితి నుండి తొలగిపోతాయి. ఈ క్షణిక మార్పులను ట్రాన్సియెంట్లు అంటారు. వీటిని గణిత సమీకరణాల సాయంతో కంప్యూటరుపై ముందుగానే లెక్కించి చూడడాన్ని ట్రాన్సియెంట్ల అనుకరణ అంటారు. ఇన్సులేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రక్షణ రిలేల ఎంపికకు ఈ లెక్కలే ఆధారం.

నేపథ్యం

భారతీయ రైల్వేలు 1950ల చివరిలో 25 కిలోవోల్టుల, 50 హెర్ట్జ్ సింగిల్ ఫేజు పద్ధతిని స్వీకరించాయి. సబ్‌స్టేషను నుండి బయలుదేరిన విద్యుత్తు పై తీగ ద్వారా ఇంజనును చేరి, పట్టాలు, భూమి మార్గంగా తిరిగి వస్తుంది. పక్కపక్క సబ్‌స్టేషన్లు సాధారణంగా వేర్వేరు ఫేజుల నుండి విద్యుత్తు తీసుకుంటాయి. అందువల్ల వాటి మధ్య న్యూట్రల్ సెక్షను ఉంచుతారు.

కారణాలు

* ట్రాన్స్‌ఫార్మరును ఆన్ చేసిన మొదటి క్షణాలలో దాని ఇనుప కోరు సంతృప్తమై, పూర్తి లోడు ప్రవాహానికి అనేక రెట్లు ప్రవాహం రావచ్చు. రిలే దీనిని షార్టు సర్క్యూటుగా పొరబడకూడదు.
* న్యూట్రల్ సెక్షను వద్ద ఇంజనులోని సర్క్యూట్ బ్రేకరును తెరచి, దాటిన తరువాత మూస్తారు. తెరవకుండా దాటితే ఆర్కు ఏర్పడుతుంది.
* పిడుగు వల్ల పుట్టిన వోల్టేజి తరంగం తీగ వెంట రెండు వైపులకూ ప్రయాణిస్తుంది.

అనుకరణ పద్ధతి

హెర్మన్ డొమ్మెల్ 1969లో ప్రచురించిన పద్ధతి ఈ రంగానికి పునాది. ఈ.ఎం.టి.పి. అనే ప్రోగ్రాము దాని నుండే రూపొందింది. ఇందులో కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా విభజిస్తారు. ప్రతి అడుగులోనూ తీగచుట్టను ఒక నిరోధంగానూ, గత అడుగు ఫలితాన్ని గుర్తుంచుకునే ఒక ప్రవాహ జనకంగానూ మారుస్తారు. ఆ నిరోధం విలువ, ప్రేరకత్వానికి రెట్టింపును అడుగు కాలంతో భాగించగా వచ్చేది. ఉదాహరణకు 20 మిల్లీహెన్రీల చుట్టకు, 10 మైక్రోసెకన్ల అడుగుకు అది 4000 ఓములు. ఆపై మిగిలేది సాధారణ సమీకరణాల సాధనే.

అడుగు కాలం తరంగ ప్రయాణ కాలం కంటే తక్కువగా ఉండాలి. కాంతి వేగంతో తరంగం ఒక మైక్రోసెకనులో 300 మీటర్లు సాగుతుంది. కాబట్టి పిడుగు అధ్యయనాలకు ఇంకా చిన్న అడుగులు అవసరం. భూమి ద్వారా తిరిగివచ్చే ప్రవాహాన్ని 1926 నాటి కార్సన్ సూత్రాలతో లెక్కిస్తారు. వీటిలో నేల నిరోధకత ముఖ్యమైన రాశి.

కృష్ణా డెల్టాలో

విజయవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు ప్రాంతాలలో చేపట్టిన 221 కి.మీ. డబ్లింగు, విద్యుదీకరణ పథకంలో గుడివాడ-మచిలీపట్నం శాఖ కూడా భాగం. సుమారు 37 కి.మీ. పొడవు గల ఈ శాఖను తరంగం దాదాపు 125 మైక్రోసెకన్లలో దాటుతుంది. మచిలీపట్నంలో మార్గం ముగుస్తుంది. తీగ కొస తెరచి ఉన్నచోట తరంగం తిరిగి పరావర్తనం చెందడం వల్ల, నష్టాలు లేవనుకుంటే వోల్టేజి రెట్టింపవుతుంది. సర్జ్ అరెస్టర్లను ఎక్కడ అమర్చాలో నిర్ణయించడానికి ఇటువంటి లెక్క ఉపకరిస్తుంది.

సముద్రతీరపు ఉప్పుగాలి మరో సమస్య. ఇన్సులేటర్లపై చేరిన ఉప్పు మంచుతో తడిసినప్పుడు అవి తట్టుకోగల వోల్టేజి తగ్గుతుంది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన వంటి తుపానులను చూసిన తీరంలో దీనిని విస్మరించలేరు. తడి ఒండ్రునేల, ఉప్పునీటి భూగర్భజలం వల్ల నేల నిరోధకత తక్కువగా ఉంటుంది. ఇది ఎర్తింగుకు అనుకూలమే కాని, లోహాల తుప్పును పెంచుతుంది.

పరిమితులు

అనుకరణ ఫలితం ఇచ్చిన విలువల కంటే నమ్మదగినది కాజాలదు. నేల నిరోధకత వేసవిలో ఒక విధంగా, వర్షాకాలంలో మరొక విధంగా ఉంటుంది. అందుచేత లెక్కలను క్షేత్ర కొలతలతో సరిపోల్చుకోవాలి. రైలు పట్టాల మీద పనిచేసేవారి భద్రత, సిగ్నళ్ళ విశ్వసనీయత ఈ సరిపోలికపై ఆధారపడి ఉంటాయి.