మూడు రంగుల ముగింపు

కవచం తునాతునకలై, ఒళ్లంతా కాలి, కమాండర్ షెపర్డ్ ఒక్కో అడుగే ఈడుస్తున్నాడు. కింద భూమి తగలబడుతోంది. ఎదుట వెలుగుతో పోతపోసినట్టు ఓ పసివాడి రూపం. ఎడమన నీలం, కుడిన ఎరుపు, నడుమ ఆకుపచ్చ. రీపర్లనే యంత్ర రాక్షసులను లొంగదీసుకోవాలా, నాశనం చెయ్యాలా, జీవులనూ యంత్రాలనూ ఒకటిగా కలిపెయ్యాలా? ఏదో ఒకటి తేల్చుకోవాలి.

2012 మార్చిలో 'మాస్ ఎఫెక్ట్ 3' అనే వీడియో గేమ్ పూర్తిచేసినవాళ్లందరూ చేరింది ఇక్కడికే. తేల్చుకున్నారు. తెర నిండా వెలుగు పొంగింది. షెపర్డ్ నౌక నార్మండీ ఏదో అడవి గ్రహం మీద కూలింది. ఏ దారి పట్టినా దాదాపు అవే దృశ్యాలు. మారిందల్లా వెలుగు రంగు.

ఈ ముగింపు ఆడినవాళ్లను ఎందుకంత బాధపెట్టిందో అర్థం కావాలంటే 2007కి వెళ్లాలి. కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ సంస్థ మొదలుపెట్టిన ఈ మూడు భాగాల కథలో, ఒక ఆటలో తీసుకున్న నిర్ణయం తర్వాతి ఆటలోకి వెంటబడి వస్తుంది. షెపర్డ్ ఆడో మగో, ముఖం ఎలా ఉండాలో కూడా ఆడేవాళ్ల ఇష్టమే. మొదటి ఆటలో విర్మైర్ గ్రహపు ఒడ్డున షెపర్డ్ సహచరుడు రెక్స్ ఎదురుతిరుగుతాడు. బిడ్డలు బతకని శాపం అతని క్రోగన్ జాతిది. దానికి మందు దొరికిన స్థావరాన్నే షెపర్డ్ పేల్చేయబోతున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులు. మాటలతో చల్లబరిస్తే రెక్స్ బతికి, మూడో ఆట నాటికి జాతికి పెద్దదిక్కవుతాడు. చంపితే ఆ పీఠం మీద రీవ్ అనే కర్కోటకుడు కూర్చుంటాడు. నాలుగేళ్లకు పైగా ఆడేవాళ్లు ఇలా ఎన్ని ప్రాణాలు తూచి ఉంటారో! పైగా మూడో ఆటలోవి ఎ, బి, సి అని లెక్కపెట్టే తరహా ముగింపులు కావని విడుదలకు ముందే దర్శకుడు కేసీ హడ్సన్ చెప్పి ఉన్నారు.

కోపం కట్టలు తెంచుకుంది. కొందరు నోరు పారేసుకున్నారు, దాన్ని సమర్థించలేం. కానీ ఎక్కువమంది చేసిన పని చూడండి. ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులిచ్చే 'చైల్డ్స్ ప్లే' సంస్థకు, నిరసన పేరు మీదే 80,000 డాలర్ల పైచిలుకు పోగుచేశారు. మరికొందరు చందాలేసుకుని బయోవేర్ ఆఫీసుకు 400 పైగా కప్‌కేకులు పంపారు. పైన క్రీము ఎరుపు, నీలం, ఆకుపచ్చ. కొరికి చూస్తే అన్నీ ఒకే వెనీలా రుచి. బయోవేర్ వాళ్లు వాటిని ఓ యువజన ఆశ్రయానికి ఇచ్చేశారు.

మార్చి 21న సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన రే ముజికా ఈ గొడవపై బహిరంగ లేఖ రాశారు. జూన్ 26న ముగింపును పొడిగించిన 'ఎక్స్‌టెండెడ్ కట్' ఉచితంగా వచ్చింది. ఎవరు ఏమయ్యారో అందులో చూపించారు. మూడు దారులనూ కాదనే నాలుగో దారి చేర్చారు. మొదటి మూడూ అలాగే ఉంచారు.

నా మటుకు ఆ కోపం న్యాయమైనదే. నీ నిర్ణయాలే కథ అని ఇన్నేళ్లు నమ్మించాక, చివర్లో వాటికి లెక్క చెప్పాలి. షెపర్డ్ చచ్చిపోయినా చాలామంది ఒప్పుకునేవారు, ఆ చావుకు తమ కథతో సంబంధం ఉంటే చాలు.

2021లో మూడు ఆటలూ కలిపి 'లెజెండరీ ఎడిషన్'గా వచ్చాయి. అందులో ఉన్నది ఎక్స్‌టెండెడ్ కట్ ముగింపే.