ముల్లంగి విత్తు: ఒక విస్మృత చరిత్ర

ముల్లంగి అనగానే మన కళ్ళ ముందు దుంపే మెదులుతుంది. సాంబారులో ముక్కలు, పప్పులో లేత ఆకు, అంతటితో మన తలపు ఆగిపోతుంది. ఆ దుంపకు ఆధారమైన గింజను మడిలో చల్లే వేళ తప్ప మరెప్పుడూ తలచుకోము. అరవై ఏళ్ళు నిండేవరకు నేనూ తలచుకోలేదు. తలచుకోవలసి వచ్చిన సందర్భం అంత సంతోషకరమైనది కాదు.

మా బావగారికి మూత్రపిండంలో రాయి ఉన్నట్టు తేలింది. ఎవరో ముల్లంగి గింజల కషాయం తాగితే కరిగిపోతుందని ఆయనతో చెప్పారు. నిర్ధారణ కోసం ఆయన నా దగ్గరికి వచ్చారు. "ఏమోయ్ పండితుడా, ఇది శాస్త్రంలో ఉందా?" అని అడిగారు. నేను పడక కుర్చీలో వెనక్కి వాలి, "మూలకబీజం ప్రస్తావన వైద్య గ్రంథాలలో ఉంది బావగారూ" అన్నాను. అది అబద్ధం కాదు. కాని ఏ రోగానికి ఉంది, లోపలికి తాగడానికా, పైన పూయడానికా అన్నది నేను చెప్పలేదు. నిజానికి అప్పుడు నాకు జ్ఞాపకం లేదు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన వాడికి "చూసి చెబుతాను" అనడం ఎంత కష్టమో ఉపాధ్యాయులందరికీ తెలుసు!

మూడు వారాలు ఆయన కషాయం తాగారు. ఒకనాటి రాత్రి చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకువెళితే, రాయి మూత్రనాళానికి అడ్డుపడి పైన చీము పట్టిందనీ, ఇంకా ఆలస్యమైతే మూత్రపిండమే దక్కేది కాదనీ వైద్యులు చెప్పారు. దైవానుగ్రహం వల్ల కోలుకున్నారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మా అక్కయ్య మాత్రం ఆసుపత్రి వరండాలో, "నువ్వు చెప్పావు గదా అని తాగారురా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆనాడు చూడకుండా చెప్పినదానికి ప్రాయశ్చిత్తంగా, ఈ గింజను గురించి చూసి చెప్పదలచుకున్నాను.

ముందు పేరుతో మొదలుపెడదాం. సంస్కృతంలో ముల్లంగి మూలకం. మూలమంటే వేరు, వేరే ప్రధానం కనుక ఆ పేరు. (రసాయన శాస్త్రంలో మూలకమంటే వేరే అర్థం, మా పిల్లలు ఈ రెంటినీ కలిపి నన్ను నవ్వించిన సందర్భాలున్నాయి.) లాటిన్‌లోని రాడిక్స్‌కూ వేరనే అర్థం, ఇంగ్లీషు రాడిష్ అందులోంచే వచ్చింది. గ్రీకులు మాత్రం రఫనోస్ అన్నారు. త్వరగా కనబడేది అని దానికి సంప్రదాయం చెప్పే నిర్వచనం. చల్లిన మూడు నాలుగు రోజులకే మొలక పైకి వస్తుంది గనుక ఆ పేరు సార్థకమే. మనం వేరును చూసి పేరు పెట్టాం, వారు విత్తు స్వభావాన్ని చూసి పెట్టారు. మన భాషలో విత్తు మరుగున పడడానికి పేరు కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది.

ఇక మన వైద్య గ్రంథాలు. చరక సంహిత ముల్లంగిని ఒకే వస్తువుగా చూడలేదు. లేతది దోషహరమంది, ముదిరినది త్రిదోషాలనూ పెంచుతుందంది, నేతితోనో నూనెతోనో వండితే వాతాన్ని తగ్గిస్తుందంది. ఒక్క దుంపకే వయసును బట్టి, పాకాన్ని బట్టి ఇన్ని గుణాలు చెప్పిన శాస్త్రం అది. అటువంటి శాస్త్రం పేరు చెప్పి, "ఉంది" అనే ఒక్క మాటతో సరిపెట్టిన నా పాండిత్యాన్ని ఏమనాలి?

గింజ ప్రస్తావన స్పష్టంగా కనబడే చోట్లలో ఒకటి పదకొండవ శతాబ్దంలో వంగదేశీయుడైన చక్రపాణిదత్తుడు రచించిన చక్రదత్తం. అందులో కుష్ఠచికిత్సా ప్రకరణంలో ముల్లంగి గింజలను ఉత్తరేణి రసంతో మెత్తగా నూరి సిధ్మానికి పూయమన్నాడు. సిధ్మమంటే మనవారు శోభి అని పిలిచే మచ్చల వంటి చర్మవ్యాధి. నేను బావగారికి చెప్పిన "ప్రస్తావన" ఇదే. చర్మం మీద పూసే పట్టు! దానిని రాయికి కషాయంగా మార్చింది గ్రంథం కాదు, నా మౌనం.

మన దేశంలో పట్టుగా నూరిన ఈ గింజ ఈజిప్టులో గానుగకు ఎక్కింది. క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మరణించిన రోమన్ పండితుడు ప్లినీ, ఈజిప్టు రైతులు ధాన్యం కంటె ముల్లంగిని విత్తడానికే ఇష్టపడేవారని రాశాడు. కారణం దుంప కాదు, గింజ నుంచి తీసే నూనె. లాభం ఎక్కువ, పన్ను తక్కువ, నూనె సమృద్ధి అని ఆయన లెక్క. రైతు పంటను ఎంచుకునే తీరు రెండు వేల ఏళ్ళలో ఏమీ మారలేదు సుమండీ!

ఆ నూనె ధర కూడా మనకు మిగిలింది. క్రీస్తు శకం 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ సరుకులకు గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ ఒక శాసనం చేశాడు. సుమారు అర లీటరు కొలతకు మేలిరకం ఆలివ్ నూనె 40 దినారాలు, రెండవ రకం 24, సాధారణ రకం 12, ముల్లంగి నూనె 8. అంటే అది పేదవాడి నూనె. చరిత్ర గ్రంథాలు చక్రవర్తుల యుద్ధాలు చెబుతాయి. పేదవాడి వంటింటిలోకి తొంగిచూడాలంటే ఇటువంటి ధరల పట్టికలే గతి.

తూర్పున చైనా ఈ గింజను మరొక విధంగా ఆదరించింది. అక్కడి వైద్యంలో దీని పేరు లాయ్‌ఫూజి. తిన్నది అరగక కడుపు ఉబ్బినప్పుడు, కఫంతో దగ్గు పట్టినప్పుడు వాడతారు. 1522 నాటి గ్రంథంలో హాన్ మావ్ అనే వైద్యుడు మూడు గింజల కషాయం చెప్పాడు: ఆవాలు, ముల్లంగి గింజలు, తులసి కుటుంబానికి చెందిన పెరిల్లా గింజలు. దగ్గుతో, ఆయాసంతో, అన్నం సయించక బాధపడే వృద్ధుల కోసం కూర్చిన ఆ మందుకు తల్లిదండ్రులను పోషించే త్రిబీజ కషాయమని పేరు. ఆ పేరు చదివి కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పేరు ఎంత మెత్తనిదో విధానం అంత కచ్చితమైనది: గింజలను కడిగి, కొద్దిగా వేయించి, చిదిమి, పట్టుగుడ్డ సంచిలో కట్టి మరిగించాలి, అతిగా మరిగించరాదు, మోతాదు దాటరాదు. రోగి లక్షణాన్ని బట్టి మూడింటిలో ఏది ప్రధానమో వైద్యుడు నిర్ణయించాలి. "ఫలానా గింజ మంచిది" అన్నంత మాత్రాన అక్కడా మందు కాలేదన్నమాట.

వేయించడంలో ఒక మర్మముంది. ముల్లంగి ఆవాల కుటుంబానిదే. ఘాటుకు మూలమైన పదార్థం గింజలో ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటాయి. నమిలినా, తడిపి నూరినా రెండూ కలిసి ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు తగ్గుతుంది. ఆ ఘాటులోని ముఖ్య ద్రవ్యం సల్ఫోరఫీన్. నోబెల్ గ్రహీత పాల్ కారర్, ష్మిడ్‌తో కలిసి 1948లో దీనిని ముల్లంగి గింజలలోనే గుర్తించాడు. 1992లో బెల్జియం శాస్త్రజ్ఞులు ఈ గింజల నుంచి బూజును ఎదిరించే చిన్న ప్రోటీన్లను వేరుచేశారు. మొలకెత్తేటప్పుడు పొట్టు చిట్లగానే అవి చుట్టూ ఉన్న తడిలోకి ఊరి లేత మొలకను కాపాడతాయి. తల్లి బిడ్డకు కట్టిన రక్షరేకు వంటిది.

శోభి కూడా బూజు జాతి జీవి వల్లనే వస్తుంది. ఇక్కడ నా కలం ఉరకలు వేసింది. "చూశారా, చక్రపాణిదత్తుడికి అప్పుడే తెలుసు!" అని రాయబోయి ఆగిపోయాను. ఆ ప్రోటీన్లను పరీక్షించింది ప్రధానంగా మొక్కల తెగుళ్ళ మీద, మనిషి చర్మం మీద కాదు. రెండు వాక్యాలు పక్కపక్కన నిలిచినంతలో ఒకదానికొకటి సాక్ష్యం కావు. ఆసుపత్రి వరండాలో నేర్చుకున్న పాఠమది.

పొగడ్తకు ప్రమాణం ఎంత అవసరమో నిందకూ అంతే. జపానులో ఈ గింజలను మొలకెత్తించి కైవారే అనే పేరుతో పచ్చిగా తింటారు. రెండు ఆకులు విచ్చిన చిప్పలా ఉంటాయని ఆ పేరు. 1996 జూలైలో సకాయ్ నగరంలో బడి భోజనం తిన్న పిల్లలు వేల సంఖ్యలో ఓ157 అనే సూక్ష్మజీవి బారిన పడ్డారు. బాధితులు 9,000 పైచిలుకు. పసిప్రాణాలు పోయాయి. ఒక క్షేత్రంలో పెంచిన మొలకలే కారణం కావచ్చునని ఆగస్టులో ప్రభుత్వం మధ్యంతర నివేదికలో ప్రకటించింది. ఆ క్షేత్రంలో సూక్ష్మజీవి దొరకలేదు. అయినా దేశమంతటా మొలకలు కొనేవారు లేకపోయారు, పెంపకందారులు దివాలా తీశారు. అప్పటి ఆరోగ్యమంత్రి, తరువాత 2010లో ప్రధాని అయిన నావోతో కాన్, కెమెరాల ముందు మొలకలు తిని చూపించినా జనం భయం తీరలేదు. పెంపకందారులు న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ ప్రకటన చేసిన తీరు తప్పని 2003లో టోక్యో ఉన్నత న్యాయస్థానం నష్టపరిహారం విధించింది. బడిపిల్లల మధ్య బ్రతికినవాణ్ణి కనుక ఆ తల్లుల దుఃఖమూ నాకు తెలుస్తుంది, నిర్ధారణ కాని మాటతో బజారున పడ్డ రైతు గోడూ తెలుస్తుంది.

ఇంతకూ ఈ గింజను ఏం చేయాలి? వంటింట్లో దీనికి నిక్షేపంగా చోటుంది. ఆవాల బదులు తిరగమోతలో చిటికెడు వేయవచ్చు. నానబెట్టి గుడ్డలో కట్టి మొలకెత్తిస్తే కారంగా, కమ్మగా ఉంటాయి. వేడిచేసి తింటే సూక్ష్మజీవుల భయం తగ్గుతుంది. గింజ దాకా పోకుండా పచ్చికాయ దశలోనే కోసి ఉత్తరాదివారు మోగ్రీ, సింగ్రీ అని కూర వండుకుంటారు. ఒక్క హెచ్చరిక: విత్తడానికి అమ్మే పొట్లాలలోని గింజలకు తరచు పురుగుమందు, తెగుళ్ళ మందు పట్టించి ఉంటారు. వాటిని నోట పెట్టరాదు. థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవారు మితం పాటించాలి. రాయి ఉండి జ్వరం వస్తే కషాయం కోసం చూడక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మొన్న సంక్రాంతికి బావగారు మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ ముల్లంగి మొలకలు వేసి పెసరపప్పు వండింది. ఆయన ముద్ద కలుపుతూ, "ఏమోయ్, ఇది శాస్త్రంలో ఉందా?" అన్నారు. అక్కయ్య నావైపు చూసింది.

"చూసి చెబుతాను బావగారూ" అన్నాను.